జీపుకి వేసిన పీట

పోయిన కార్తీకంలో రెండో సోమవారం, తెల్లవారుజాము నాలుగున్నర. జీపులో కూర్చుని హీటరు పట్టాను. మనసులో పది లెక్కపెట్టుకుని తాళం తిప్పితే, చలికాలం అలవాటు ప్రకారం రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంది. అమ్మ లోపల్నుంచి పీట తెచ్చి ఎడమవైపు వేసింది. మామిడి చెక్క పీట. ఒకప్పుడు వంటింట్లో ఉండేది. రెండేళ్ళ కిందట నాయనకు తుంటి మార్పిడి ఆపరేషన్ అయినప్పటి నుంచి జీపు సామాన్లలో చేరిపోయింది. జాకీ, స్టెప్నీ, పీట.

నాయన చేతికర్ర అమ్మకిచ్చి, అద్దం పక్కనున్న కడ్డీ పట్టుకుని, ఒక కాలు పీట మీద పెట్టాడు. రెండో కాలు లేవలేదు. ఇంకోసారి చూశాడు. మూడోసారి ప్రయత్నం చేయలేదు. బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఇంజను ఆడుతూనే ఉంది.

"ఈ పొద్దుకి ఆటో పిలువురా" అన్నాడు.

మహానంది మాకు నాలుగు కిలోమీటర్లు. ఆటోలో ఎవరమూ మాట్లాడలేదు. గుడిలో ఆయన కోనేటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు నీళ్ళలోకి చూశాడు. అక్కడి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో చూసినవాళ్ళకు తెలుసు. అడుగున పడిన రూపాయి బిళ్ళ బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు. లేచేముందు, నా వైపు చూడకుండానే అన్నాడు: "అమ్మేద్దాంలేరా ఇంగ."

ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెబితే, ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి, "అమ్మేదానికి అదేమన్నా ఆయనొక్కనిదా?" అంది.

ఆ ప్రశ్న నన్ను మూడు నెలలు వెంటాడింది. బండి ఎవరిది? కాగితం మీద పేరున్నవాడిదా, నడిపేవాడిదా, ఎక్కి కూర్చునేవాళ్ళదా? ఊళ్ళో వాకిట్లో పాత జీపు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. మా ఇంట్లో వచ్చిన తీరు రాస్తున్నాను.

ఊట కింద ఊరు

సీమ అంటే ఎండ, బండ, ఎండిన బోరు అనుకునేవాళ్ళు మహానందికి వస్తే ఆశ్చర్యపోతారు. నంద్యాలకు 15 కిలోమీటర్లలో, నల్లమల పాదాల దగ్గర, ఏడాది పొడవునా ఆగని ఊట. గుండాల్లోంచి బయటికి వచ్చిన నీళ్ళు కాలువల వెంట పారి సుమారు 2,000 ఎకరాలు తడుపుతాయని చెబుతారు. అందుకే గుడి చుట్టూ అరటి తోటలు, కొబ్బరి చెట్లు. పది మైళ్ళు పడమరగా పోతే నల్లరేగడి, జొన్న, శనగ. ఒకే తాలూకాలో రెండు లోకాలు.

మా తోట కొండకు దగ్గరగా, వాగుకు అవతల. నాలుగెకరాలు. నాయన 1996లో జీపు కొన్నది ఆ వాగు కోసమే. అప్పటికి అది నాలుగేళ్ళ బండి, 1992 మోడల్ మహీంద్రా ఎంఎం 540, ఏపీ 21 నంబరు. 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను. పక్కన రెండు పొట్టి గేరు రాడ్లు: ఒకటి ముందు చక్రాలకు కూడా బలం ఇచ్చేది, ఇంకోటి వేగం తగ్గించి లాగుడు పెంచేది. వాన పడితే ఎద్దులబండి ఇరుసు దాకా దిగిపోయే దారిలో, గెలలు దెబ్బ తినకుండా రోడ్డెక్కించాలంటే వేరే మార్గం లేదు. గెల తొడిమ విరిగినా, కాయ నలిగినా వ్యాపారి ధర తగ్గిస్తాడు. జీపు మొదటి ఏడాదే ఆ నష్టం ఆపింది.

సినిమాలు చూసి పెరిగినవాళ్ళకు సీమ జీపు అంటే కొడవళ్ళు, బాంబులు. నాకు ఆ బొమ్మ చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. మా జీపు ఎక్కినవి అరటి పిలకలు, ఎరువు బస్తాలు, కాలిపోయిన బోరు మోటార్లు, పెళ్ళికూతురు సామాను, శివరాత్రికి నాగలూటి అడవి దారిలో శ్రీశైలం నడిచిపోయేవాళ్ళ కోసం వెంకటాపురం దాకా తీసుకుపోయిన మజ్జిగ క్యాన్లు. అర్ధరాత్రి పురిటి నొప్పులు పడే ఆడవాళ్ళు. పాము కరిచినవాళ్ళు.

ఈ చివరి రెండింటి గురించి కొంచెం చెప్పాలి. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకు ముందు ఊరికి అంబులెన్సు ఎవరి వాకిట్లో బండి ఉంటే అదే. రాత్రి పూట మా తలుపు కొట్టేవాళ్ళు పేరు చెప్పేవాళ్ళు కాదు, "జీపు తియ్యన్నా" అనే పిలిచేవాళ్ళు. నాయన లుంగీ మార్చకుండా బయటికి పోయేవాడు. డీజిలు డబ్బులు అడగడం నేను ఎప్పుడూ వినలేదు. వెనక బెంచీల మధ్య నులకమంచం అడ్డంగా పట్టదు గనక, నిలువుగా తోసి, వెనక తలుపు తెరిచి తాడుతో కట్టి తీసుకుపోయేవాళ్ళు. అట్లా నంద్యాల చేరినవాళ్ళలో ఇద్దరు పిల్లలు ఈ రోజు మా వీధి నుంచే కాలేజీకి పోతున్నారు.

108 వచ్చాక ఆ తలుపు చప్పుడు మెల్లగా తగ్గిపోయింది. తగ్గడమే మంచిది. ఆక్సిజన్ ఉన్న బండి ఉండగా నులకమంచం ఎవరు కోరుకుంటారు? కానీ జీపు చేసే పనుల్లో మొట్టమొదట రాలిపోయింది అదే. తర్వాత ఒక్కొక్కటీ. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 చివర్లో వచ్చింది, ఏళ్ళు గడిచేకొద్దీ దారులు తారు వేసుకున్నాయి. తెలుగుగంగ కాలువ గట్టు మీద ఇప్పుడు స్కూటీలు పోతాయి. వాగు మీద కల్వర్టు పడ్డాక వ్యాపారి మినీ లారీ నేరుగా తోటకే వస్తోంది. జీపును పాతబడేలా చేసింది దాని వయసు కాదు, దారులు.

యుద్ధం నుంచి పొలానికి

పుట్టుక చూస్తే జీపు ఇంటి బండే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి విల్లీస్ కంపెనీ లక్షల్లో చేసిన బండి. యుద్ధం ముగిసీ ముగియగానే, 1945లో, విల్లీస్ దాన్ని రైతులకు అమ్మడం మొదలుపెట్టింది. దున్నుతుంది, లాగుతుంది, సంతకు తీసుకుపోతుంది అని. అదే ఏడాది మన దేశంలో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పుట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైన ఆ జీపుల వంశంలోదే మా ఎంఎం 540 కూడా.

ఇదంతా ఎందుకంటే, ఆ బండి గీసినవాడి మనసులో ఉన్నది కాళ్ళు చేతులు గట్టిగా ఉన్న సైనికుడు, తర్వాత రైతు. వెనక కూర్చునే ముసలమ్మ ఎన్నడూ లేదు. నేలకు ఎత్తుగా ఉండాలి, బురద దాటాలి, విరిగితే సుత్తితో బాగుచేసుకోవాలి. ఆ లెక్కలో అది గొప్ప బండి. ఇప్పటికీ గొప్పదే. అహోబిలంలో పావన నరసింహస్వామి దగ్గరికి పోయే రాళ్ళ దారి చూడండి, శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి దారి చూడండి. అక్కడ ఎంత ఖరీదైన కారైనా మొదటి గుంట దగ్గరే ఆగిపోతుంది. భక్తులను జీపులే మోస్తాయి. ఎక్కినవాళ్ళు పైకడ్డీ రెండు చేతులా పట్టుకుని, దేవుణ్ణి జీపులో కూర్చున్నంతసేపూ తలుచుకుంటారు.

కానీ ఆ దారి ఏడాదికి ఒక్కసారి పోయేది. మాకు రోజూ ఉన్నది నంద్యాల దారి.

క్యాలెండరు మీద గీతలు

మా ఆవిడది ప్రొద్దుటూరు. పెళ్ళైన కొత్తలో ఆమె జీపును ఇష్టపడింది. ఇద్దరం ముందు కూర్చుని, టాపు విప్పేసి, సాయంత్రం పూట గాజులపల్లి దాకా పోయి రైలు చూసి వచ్చేవాళ్ళం. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ కుదుపులు వద్దంది. తొమ్మిది నెలలు బస్సులో నిలబడి, కూర్చుని నంద్యాల పోయి వచ్చింది. వాకిట్లో బండి పెట్టుకుని భార్యను బస్సెక్కించినందుకు నాకు అప్పుడు సిగ్గు కలగలేదు. ఇప్పుడు కలుగుతోంది.

ఆ కుదుపు మన ఊహ కాదు. జీపుకు ముందూ వెనకా కమాన్ కట్టలు, వాటి కింద ఒకే మొద్దు ఇరుసు. ఒక చక్రం రాయెక్కితే రెండో చక్రం వైపు కూడా బండి ఊగుతుంది. చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి, ముందు చక్రం గుంటలోంచి లేచేలోపే వెనకది దిగుతుంది. వెనక బెంచీలు సరిగ్గా వెనక చక్రాల మీదే ఉంటాయి. అంటే ఇంట్లో అందరికంటే బలహీనమైనవాళ్ళను మనం అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలేచోట కూర్చోబెడతాం. నడిపేవాడికి స్టీరింగు ఆసరా ఉంటుంది, గుంట వచ్చేది ముందే కనబడుతుంది. వెనక పక్కకు తిరిగి కూర్చున్నవాళ్ళకు అది కనబడదు. ఇరవై ఏళ్ళు ఆ స్టీరింగు వెనకే కూర్చున్న నాకు ఈ సంగతి పాప పుట్టేదాకా తట్టలేదు.

పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. వెనక బెంచీలకు బెల్టులు లేవు. పిల్లల సీటు కట్టాలంటే కట్టడానికి ఏమీ లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలనుకుంటాం. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడితే పదిహేను కిలోల బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా తీసుకుపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. వెయ్యి రూపాయలకు భయపడి కాదు, ఆ సెక్షను రాసినవాళ్ళు చూసిన ప్రమాదాలకు భయపడాలి.

మా ఆవిడ ఎప్పుడూ "అమ్మెయ్" అనలేదు. ఆమె చేసింది ఒక్కటే. శ్రావణం మొదట్లో వంటింటి క్యాలెండరు మీద, జీపు బయటికి పోయిన ప్రతిరోజూ ఒక గీత, ఎంతమంది ఎక్కితే ఆ అంకె రాస్తూ వచ్చింది. నాయన ఆటో పిలవమన్న రోజు రాత్రి ఆ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. మొత్తం పంతొమ్మిది గీతలు. పదహారింటి పక్కన 1. మూడింటి పక్కన 2. మేము ఇంట్లో ఐదుగురం. 5 అనే అంకె ఎక్కడా లేదు.

"ఇది మన బండి అంటావు. మనం యాడుండాం దీంట్లో?" అంది.

ఉంచుకోవడం అంటే

అయినా నాకు వెంటనే మనసొప్పలేదు. నంద్యాలలో మా జీపును పాతికేళ్ళుగా చూసే మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఛాసిస్ కింద దూరి, సుత్తితో తట్టి, పైకి లేచి, "గుండె బాగుంది, ఒళ్ళే తుప్పు పడుతోంది" అన్నాడు. అడుగు రేకులు మార్చాలి, కమాన్ పట్టీలు రెండు విరిగాయి, క్లచ్ ప్లేటు అరిగింది. మూడు దారులు చెప్పాడు. బాగుచేయించి వాడుకో. లేదా అమ్ముకో. లేదా షెడ్డులో పెట్టుకుని పండగకు పండగకు తియ్యి.

మూడోది అన్నిటికంటే తేలికగా కనబడుతుంది. నిర్ణయం తీసుకోకుండానే తీసుకున్నట్టు ఉంటుంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో కొట్టాల కింద గడ్డివాముల పక్కన ఇట్లా "ఉంచుకున్న" జీపులు ఎన్ని చూశానో. టైర్లు నేలకు అతుక్కుని చదునైపోతాయి. బ్యాటరీ మూడు నెలలకు చస్తుంది. ట్యాంకులో తేమ చేరి పంపు పాడవుతుంది. రబ్బరు పైపులు పగులుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బండి కదులుతున్నంత కాలమే బండి. నిలబెట్టి ఉంచుకోవడం అంటే మన చేతులతో అమ్మడానికి ధైర్యం చాలక, తుప్పు చేతికి అప్పగించడం. ఈ మాట మా మేనమామ కొడుకుతో అంటే నొచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న జీపు అట్లాగే ఉంది. నొచ్చుకున్నా నా అభిప్రాయం మారలేదు.

కాగితాల లెక్క వేరే ఉంది. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు, తర్వాత ప్రతి ఐదేళ్ళకు ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. మాది 2007, 2012, 2017, 2022లో అయింది. 600 రూపాయలుండే ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్ళు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. 2027లో మళ్ళీ మా వంతు. బీమా, గ్రీన్ ట్యాక్స్, తుప్పు రేకుల ఖర్చు దాని మీద. తోటలో రోజూ పనిచేసే బండికైతే ఇది పెద్ద భారం కాదు. పంతొమ్మిది గీతల బండికి భారమే.

"కొత్త థార్ తీసుకోరాదా, జీపు సరదా తీరుతాది, ఇల్లూ సరిపోతాది" అన్నారు స్నేహితులు. 2020లో వచ్చిన థార్ మా జీపుకు మనవడి లాంటిది. భద్రత పరీక్షలో గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు నక్షత్రాలిచ్చింది. దానికీ మాకూ మధ్య ఉన్న గొడవ తలుపులది. వెనకకు పోవాలంటే ముందు సీటు వంచి, దూరి, ఎక్కాలి. 2023లో మారుతి జిమ్నీకి, 2024 ఆగస్టు 15న థార్‌కు ఐదు తలుపుల రకం వచ్చిందంటే, ఇల్లాళ్ళు, ముసలివాళ్ళు కంపెనీలకు ఏం చెప్పి పంపారో తెలుస్తూనే ఉంది. కానీ 2024లో వచ్చినప్పుడు థార్ రాక్స్ మొదటి రకమే షోరూం ధర 12.99 లక్షలు. నాలుగెకరాల అరటికి, గాలివానకు ఒక్క రాత్రిలో పడిపోయే పంటకు, ఆ వాయిదాలు కట్టే ధైర్యం నాకు లేదు.

అమ్మ చెప్పిన లెక్క

అన్నిటికంటే బరువైన అభ్యంతరం అమ్మది. ఆమె మాట వినకుండా అమ్మితే జీవితాంతం తప్పు చేసినట్టే ఉంటుందని నాకు తెలుసు.

మొదట ఆమె 2019 గుర్తుచేసింది. ఆ సెప్టెంబరులో కురిసిన వానకు పాలేరు వాగు పొంగి దారులు తెగిపోయాయి. మహానంది గుడి ప్రాంగణం నీళ్ళలో మునిగింది, దర్శనాలు ఆపేశారు. మా వీధిలో పది రోజుల బాలింత, ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు. నాయన అప్పటికే అరవై తొమ్మిది. నేను నంద్యాలలో ఇరుక్కుపోయాను. ఆయనే జీపు తీసి, బిడ్డనూ తల్లినీ మెట్ట మీదున్న బడికి చేర్చాడు. "కారుంటే ఏం జేసేవాడివి?" అంది అమ్మ.

దానికి నా దగ్గర ఉన్న జవాబు ఆమెకు నచ్చదని తెలిసినా చెప్పాను. ఆ రోజు నాయన దాటింది నిలిచిన నీళ్ళు, పారే వాగు కాదు. చక్రం మధ్య బొడ్డు దాటి నీళ్ళుంటే దిగకూడదనేది ఆయన నియమం. ఆ లోతు కంటితో చూసి చెప్పగలిగిన మనిషి ఆయన. నేను చెప్పలేను. ఇంత ఎత్తు బండి ఉంది కదా అన్న ధీమాతో పారే నీళ్ళలో దిగినవాళ్ళ వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. ఆ రోజు వీధిని కాపాడిన దాంట్లో సగం జీపైతే, సగం నాయన కళ్ళు. జీపు ఉంచుకున్నా ఆ సగం ఇంక రాదు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది అసలు సంగతి.

ఆమె పుట్టినిల్లు గిద్దలూరు వైపు. మధ్యలో నల్లమల. గాజులపల్లి దాటగానే అడవి, ఘాటు, పచ్చర్ల, దిగువమెట్ట, ఆ తర్వాత ఊళ్ళు. ఇప్పుడది జాతీయ రహదారి. అప్పట్లో బస్సు తప్పితే రేపటికే. రైలు దొరికితే దొరికినట్టు. "జీపు రాకముందు పదిహేనేండ్లు, మా అమ్మకు బాగలేదని తెలిసినా, ఎవురో ఒకర్ని అడుక్కోవాల. ఎవురైనా తోడొస్తారా అని. జీపొచ్చినాక, పోదాం పద అంటే మీ నాయన పోదాం పద అన్నాడు. అంతే. మా అమ్మ పోయే ముందర మూడుసార్లు చూసినా నేను. ఆ బండి లేకపోతే ఒక్కసారి గూడా చూసేదాన్ని కాదు."

ఇంతకాలం జీపు నాయనదనీ, నాదనీ అనుకున్నాం మేం ఇద్దరం. ఆ ఇంట్లో దాన్ని అందరికంటే గట్టిగా సొంతం చేసుకున్నది, ఒక్కసారి కూడా స్టీరింగు పట్టని ఆమె.

"మళ్ళీ ఎప్పుడు పోయినావమ్మా గిద్దలూరికి?" అని అడిగాను.

వేళ్ళు లెక్కపెట్టింది. మూడేళ్ళు దాటింది. మోకాళ్ళు వంగవు, జీపెక్కలేదు. అడుగుదామంటే నాకు పని. ఆటో అంత దూరం రాదు. జీపు రాకముందు ఎట్లుండిందో మళ్ళీ అట్లాగే అయింది, వాకిట్లో జీపు ఉండగానే.

ఘాటు దారి

ధనుర్మాసంలో స్నేహితుడి కారు ఒక రోజుకు అడిగి తెచ్చాను. పాత వ్యాగన్ఆర్. దాన్నే అడగడానికి కారణం ఉంది. తుంటి మార్పిడి అయినవాళ్ళు తుంటిని తొంభై డిగ్రీల కంటే ఎక్కువ వంచకూడదని ఫిజియోథెరపిస్టు చెప్పింది. అంటే జీపు ఎంత చెడ్డదో, మరీ కిందికి కూర్చోవాల్సిన కారూ అంతే చెడ్డది. సీటు సరిగ్గా నడుం కింద ఎత్తులో ఉండాలి. ముందు వీపు పెట్టి కూర్చుని, ఆ తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళుండి బండి కొనేవాళ్ళకు నేను చెప్పగలిగిన ఒకే ఒక్క సలహా ఇది: మైలేజీ, రంగు అడగడానికి ముందు మీ అమ్మానాన్నలను షోరూంకు తీసుకుపోయి ఎక్కించి, దింపి చూడండి.

నాయన కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు, కాళ్ళు తిప్పుకున్నాడు, తలుపు తానే వేసుకున్నాడు. అమ్మ వెనక పాప సీటు పక్కన. మా ఆవిడ ఇంకో పక్క. ఐదుగురం.

గాజులపల్లి దాటి అడవిలోకి పోగానే నాయన అద్దం దించాడు. పాత రైలు వంతెన రాతి స్తంభాలు ఎక్కడ కనబడతాయో, ఏ మలుపులో ఒకసారి ఎలుగుబంటి అడ్డం వచ్చిందో, ఎక్కడ జీపు వేడెక్కితే ఊట నీళ్ళు పోశాడో పాపకు చెబుతూ వచ్చాడు. స్టీరింగు పట్టినన్నాళ్ళు ఆయన ఘాటులో నోరు తెరిచేవాడు కాదు. కళ్ళన్నీ దారి మీదే. ఆ అడవి గురించి ఆయన దగ్గర ఇన్ని మాటలు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. 2024 వేసవిలో చిరుతలు మహానంది గుడి చుట్టుపక్కల తిరిగినప్పటి నుంచి పాపకు అడవి అంటే చిరుతే. అద్దాలు మూసుకునే బండిలో ఉన్నాం గనక భయపడకుండా వింది.

గిద్దలూరిలో అమ్మ వాళ్ళ అక్క ఉంది, ఎనభై దాటింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. తిరుగు దారిలో దిగువమెట్ట దాటాక అమ్మ అంది, "నెలకొకతూరి ఇట్ల రాగలమా?"

"రావచ్చు అత్తా" అంది మా ఆవిడ, నేను నోరు తెరిచేలోపు.

"అయితే అమ్మెయ్యండి."

సంక్రాంతి తర్వాత

అమ్మడంలో తొందర పడొద్దని మేస్త్రి చెప్పాడు. తుక్కుకు అడిగినవాళ్ళు ఇద్దరు వచ్చారు. రంగులు వేసి, పెద్ద టైర్లు తగిలించి, పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిస్తానన్న కుర్రాడు ఒకడు వచ్చాడు, అందరికంటే ఎక్కువ ఇస్తానన్నాడు. నాయన ఒప్పుకోలేదు. నేనూ బలవంతం చేయలేదు.

చివరకు వచ్చింది రుద్రవరం వైపు రైతు, ముప్పై ఏళ్ళుంటాయి. నిమ్మ తోట, అడవి అంచున, మధ్యలో వాగు, కల్వర్టు లేదు. నాయన అతన్ని అడిగిన ప్రశ్నలన్నీ ఆ వాగు గురించే. ఎంత వెడల్పు, అడుగున రాళ్ళా ఇసుకా, ఎన్ని నెలలు పారుతుంది. అతను ఓపికగా అన్నిటికీ చెప్పాడు. నాయన జీపు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, చేతికర్రతో చూపిస్తూ రెండు పొట్టి గేర్లు ఎప్పుడు ఏది వెయ్యాలో, ఏది వేసి తారు రోడ్డు మీద నడపకూడదో చెప్పాడు. గంటన్నర పట్టింది.

నేను కాగితాల పని చూశాను. 29, 30 నంబరు ఫారాలు, బీమా మార్పు. ఇది మాత్రం బద్ధకించొద్దు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి చేతులు మారినా, రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాద నష్టపరిహారం వాళ్ళ మీదే పడుతుంది. మంచి మనిషికి అమ్మామన్న నమ్మకంతో సంతకాలు వదిలేసేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. పేరు మారేదాకా నేను తాళం ఇవ్వలేదు.

తీసుకుపోయే రోజు అతను పొద్దున్నే వచ్చాడు. హీటరు పట్టి, పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టాడు. నాయన చెప్పిందే. రెండుసార్లు దగ్గి అందుకుంది. పాప చెవులు మూసుకుంది. మా ఆవిడ డ్యాష్‌బోర్డు మీద పసుపు కుంకుమ పెట్టింది. అమ్మ బయటికి రాలేదు. కిటికీ దగ్గర నిలబడింది.

అతను సామాన్లు సర్దుకుంటూ, జాకీ, స్టెప్నీ, టాపు తాళ్ళు చూసుకుని, వెనక బెంచీ కింద నుంచి పీట బయటికి తీశాడు. మాదేమో అనుకుని అరుగు మీద పెట్టబోయి ఆగాడు.

"పెద్దయ్యా, ఇది గూడా ఇస్తావా? మా జేజి తోటకొస్తానంటాది, ఎక్కలేదు."

నాయన చెయ్యి చాపాడు. అతను పీట తెచ్చి ఇచ్చాడు. నాయన దాన్ని ఒళ్ళో బోర్లించి, నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటి పట్టుకుని కదిపి చూశాడు.

"ఈ కాలు ఊగుతాది" అన్నాడు తిరిగి ఇస్తూ. "ఒక మేకు కొట్టిచ్చుకో."